రోడ్డూరికి పోయిన ఎర్రకుంట బత్తి

1958 జులైలో నన్ను నల్లగొండ జిల్లాలో ఒక అభివృద్ధి బ్లాకుకు సాంఘిక విద్యా నిర్వాహకుడిగా వేశారు. కాగితం మీద మూడక్షరాల హోదా, ఎస్.ఇ.ఓ. జనం మాత్రం 'రాత్రిబడి సారు' అనేవారు. అదే సరైన పేరు. బ్లాకుకు పెద్ద బి.డి.ఓ. ఆయన కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు, ఇలా విస్తరణాధికారులుండేవారు. ఆ వరసలో చివరి కుర్చీ నాది. వ్యవసాయమాయన విత్తనం ఇస్తాడు, పశువులాయన సూదిమందు వేస్తాడు. నేనిచ్చే అక్షరాలు బస్తాలకెత్తేవి కావు కనుక జీపు నా దగ్గరికి వచ్చేది కాదు. నా సైకిలు మీద నేను తిరిగేవాణ్ణి.

ఈ పని గురించి తెలియని వాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. వయోజన విద్య అనగానే అందరూ పుస్తకాలు, పలకలు, పంతుళ్ల సంగతి మాట్లాడతారు. పగలంతా కూలికి పోయే మనిషి పలక పట్టేది పొద్దుగూకిన తర్వాతే. కాబట్టి మా శాఖకు అసలు పెట్టుబడి వెలుతురు. కందీలు వెలుగులో ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది గాని నల్లబల్ల మీద ఒత్తులు కనబడవు. అందుకని ప్రభుత్వం కేంద్రానికొక పెట్రోమాక్స్ ఇచ్చేది. ఊళ్లలో దాన్ని గ్యాసు బత్తి అంటారు. కిరసనాయిలు పోసి, గాలి కొట్టి, మాంటిల్ అనే చిన్న వల సంచిని వెలిగించాలి. ఒకసారి కాలిన మాంటిల్ ఉట్టి బూడిద బొమ్మ. వేలు తగిలినా, బండి ఒక్క గుంతలో పడినా రాలిపోతుంది.

ఆఫీసు లెక్కలో బత్తి 'డెడ్ స్టాకు', అంటే శాశ్వత సామాను. అది పోతే ఉద్యోగం మీదికొస్తుంది. మాంటిల్, నూనె 'కంటింజెన్సీ', అంటే చిల్లర ఖర్చు. అవి లేకపోతే ఎవరి ఉద్యోగానికీ ఏమీ కాదు. అందువల్ల బ్లాకులో బత్తులన్నీ క్షేమంగా ఉండేవి, వెలిగేవే తక్కువ. ఎద్దును కొని గడ్డి కొననివాడిని ఊళ్లో పిచ్చివాడంటారు. మా శాఖలో అతన్ని జాగ్రత్త గల అధికారి అనేవారు.

మేం నేతపని వాళ్లం. మా బాపు గుంట మగ్గం మీద నేసేవాడు. కొత్తిల్లు కట్టినప్పుడు మా చిన్నాయన మగ్గం వీధరుగు పక్కన పెడదామన్నాడట, వచ్చే పోయే షావుకార్లకు కనబడుతుందని. బాపు ఒప్పుకోలేదు. "నేసేటోనికి ఎలుగు పడే కాడ గుంట తవ్వాలె, సూసేటోనికి కనవడే కాడ గాదు" అన్నాడు. బి.ఏ. చదివి, శిక్షణ పొంది, సర్క్యులర్లన్నీ తిరగేసినా మా శాఖకు ఇంతకు మించిన నియమం నాకెక్కడా దొరకలేదు.

బ్లాకులో నాకు నిజంగా నడిచిన కేంద్రాల్లో ఒకటి ఎర్రకుంటలో ఉండేది. హైవే మీద బస్సులు ఆగే ఒక ఊరుంది. దాని అసలు పేరు రాయను. అక్కడి జనం ఏ పాపమూ చేయలేదు. రోడ్డూరు అంటాను. ఆ రోడ్డూరి నుంచి బండి బాటన పోతే ఒక వాగు, వాగు దాటాక ఎర్రకుంట. వానాకాలం వాగొస్తే ఎర్రకుంట వాళ్లు ఎక్కడికీ పోలేరు, అక్కడికి ఎవరూ రాలేరు. అధికారులు మిగతా కాలాల్లో కూడా రారు, అది వేరే సంగతి.

ఆ ఊళ్లో కూలి నాలి చేసుకునే క్రైస్తవ కుటుంబాల వాడ ఉంది. అక్కడి ప్రార్థన మందిరం వసారాలో ఆడవాళ్ల రాత్రిబడి పెట్టాం. పంతులమ్మ శాంతమ్మగారు. ఆ వాడలో ప్రార్థనలు నడిపే ఉపదేశి భార్య, మిషన్ బడిలో చదువుకున్నావిడ. కోపం రాని మనిషి. ఆమెకు రాని కోపం కూడా నాకే వచ్చేది. ఆమె భర్త ఆ బత్తిని పసిబిడ్డలా చూసుకునేవాడు. పిడి ఊడిపోతే రాగి తీగ చుట్టి బిగించాడు. నాట్ల కాలంలో కూడా ఆ బడి ఆగలేదు. నడుం వంచి బురదలో నిలబడి వచ్చిన ఆడవాళ్లు గోడకు చేరగిలబడి అక్షరాలు దిద్దేవాళ్లు.

వాళ్లందరిలో ముందుండేది మరియమ్మ. నలభైకి దగ్గర పడిన మనిషి, గట్టి గొంతు. మొదటి రోజే నాతో తేల్చి చెప్పింది.

"నాకు సదువు గిదువు అక్కర్లేదు సారూ. మా ఊరికి నర్సమ్మ గావాలె. సదివితేనే అస్తదంటిరి గద, గందుకే సదువుత."

ఆమె మాట వెనుక ఉన్న సంగతి ఇది. బ్లాకుకు ఒక ప్రసూతి ఉపకేంద్రం మంజూరైంది. ఒక నర్సు, ఆమెకు తోడు ఒక ఆయా ఉంటారు. ఆయా మందుసీసాల మీది పేర్లు చదవగలగాలి కనుక, ఆడవాళ్ల రాత్రిబడి నడిచి, తనిఖీలో నెగ్గిన ఊరికే కేంద్రం ఇవ్వాలని నియమం పెట్టారు. మంచి నియమం. ఆ మాట ఊరూరా చెప్పి రమ్మని నన్నే పంపారు. ఎర్రకుంటలో చెప్పినప్పుడు మరియమ్మ కళ్లార్పకుండా విన్నది. అంతకు ముందటి వానాకాలం ఆమె కూతురు కాన్పు కష్టమై, వాగు దాటలేక, ఎర్రకుంట వైపు గట్టునే ప్రాణం విడిచింది. ఇప్పుడు కొడుకు పెళ్లి చేసింది. కోడలి పేరు ఏసమ్మ. ఆ పిల్ల కడుపు పండేలోగా ఊళ్లోకి నర్సు రావాలన్నది మరియమ్మ పట్టుదల. అక్షరం మీద మమకారంతో చదివినవాళ్లను చాలామందిని చూశాను. ఆమెలా ఒక పని కోసం చదివినవాళ్లను తక్కువ చూశాను. సంక్రాంతి దాటేసరికి వాచకం ముగించి, గోడకు తగిలించిన ఆరోగ్య శాఖ పటాలన్నీ చదివేసింది.

మాఘమాసంలో పైనుంచి టూరు ప్రోగ్రాం వచ్చింది. శాఖలో పెద్ద అధికారి ఒకాయన హైదరాబాదు నుంచి నల్లగొండ వచ్చి, అటునుంచి మా బ్లాకులో ఒక వయోజన విద్యా కేంద్రాన్ని సాయంత్రం పూట తనిఖీ చేస్తారు. ఎర్రకుంట చూపిద్దామని నేను రాసి పెట్టాను. బి.డి.ఓ. నన్ను పిలిపించారు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు, లంచగొండి అసలే కాదు. అందుకే ఇప్పటికీ ఆయన మీద నా కోపం చల్లారదు. లంచం తిన్నవాడు ఒకనాటికి దొరుకుతాడు, ఇలాంటి వాళ్లకు ప్రమోషన్లొస్తాయి.

జీపు పోని ఊరిని పెద్దసారుకు ఎట్ల చూపిస్తమని అడిగారు. రోడ్డూర్లోనే చూపిద్దామన్నారు. రోడ్డూర్లో కేంద్రం పేరుకే ఉందని, అక్కడ మగవాళ్లు సాయంత్రమైతే హోటళ్ల దగ్గర ఉంటారని, ఆడవాళ్ల బడి తెరిచిన వారానికే మూతపడిందని చెప్పాను. ఆయన నవ్వారు.

"మీకు జర దునియాదారీ తెల్వదు. పెండ్లంటే పక్కూర్ల బత్తులు అడిగి తెచ్చుకోరా? పెండ్లయినంక ఎవలియి ఆళ్లకు పోతయి. గిది గూడ గంతే."

ఆ ఉపమానంలోనే ఉంది ఆ మనుషుల బుద్ధి. మా ప్రాంతంలో పెళ్లి ఊరేగింపుకు నాలుగూళ్ల గ్యాసు బత్తులు తెచ్చి నెత్తిన మోయించే ఆనవాయితీ ఉంది. పెళ్లివాళ్లు మరునాడు బత్తులు తిరిగి పంపుతారు, పంపకపోతే పరువు పోతుందన్న భయం వాళ్లకుంటుంది. ప్రభుత్వానికి ఆ భయం లేదు. ఈ తేడా ఆయనకు తట్టలేదు.

ఉత్తర్వు వెళ్లింది. ప్రతి కేంద్రం నుంచి బత్తులు, చాపలు, పలకలు, పటాలు రోడ్డూరికి చేర్చాలి. ఎడ్లబండ్ల మీద వచ్చిన బత్తుల్లో ఒక్క మాంటిల్ కూడా మిగల్లేదు. అన్నీ దారిలోనే రాలాయి. మళ్లీ కొనాలి. ఏడాది పొడుగునా అన్ని ఊళ్లకూ సరిపెట్టాల్సిన చిల్లర ఖర్చుల పద్దు ఆ ఒక్క సాయంత్రానికి ఊడ్చిపెట్టుకుపోయింది. సామాను సరే, చాపల మీద కూర్చోవడానికి మనుషులేరి? ఎర్రకుంట ఆడవాళ్లను కూడా బండ్ల మీద తెమ్మన్నారు. నేను ససేమిరా అన్నాను. బి.డి.ఓ. గ్రామసేవకుణ్ణి పంపి, పెద్దసారు మిమ్మల్ని చూస్తేనే నర్సు వస్తుందని చెప్పించారు. అంతే, మరియమ్మే అందరినీ బయల్దేరదీసింది.

ఆ సాయంత్రం రోడ్డూరి బడి ముంగిట తెల్లటి వెలుగు పరుచుకుంది. పైన పటారం, లోన లొటారం. వచ్చినాయన పెద్దమనిషి, మెత్తగా మాట్లాడారు. కూర్చున్న వాళ్లలో ఎవరైనా చదువుతారా అని అడిగారు. మరియమ్మ లేచి, తన ఊరి నుంచి వచ్చిన పటం ముందు నిలబడి, గర్భిణులు తీసుకోవలసిన జాగ్రత్తలు మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎక్కడా తడబడలేదు. చప్పట్లు మోగాయి. ఏం కావాలమ్మా అని ఆయన అడిగారు.

"నర్సమ్మను ఇప్పియ్యండి సారు. మాది ఎర్రకుంట, వాగవుతల. వాగొస్తే ఆడోళ్లు సస్తున్నరు."

ఊరి పేరుతో సహా చెప్పింది. ఆయన విన్నారు. బి.డి.ఓ. వైపు చూశారు. ఎర్రకుంట కూడా ఈ కేంద్రం పరిధిలోదేనని బి.డి.ఓ. అన్నారు. అది అబద్ధం, ఎర్రకుంటకు వేరే కేంద్రం, వేరే నంబరు ఉన్నాయి. నేను ముందుకొచ్చి, సార్, ఎర్రకుంట కేంద్రం వేరు, మధ్యలో వాగుంది, అక్కడ పెడితేనే ఉపయోగమని అన్నాను. పెద్దాయన విసుక్కోలేదు. బస్సు ఆగే ఊళ్లో పెడితే చుట్టుపక్కల అన్నింటికీ పనికొస్తుంది కదా, వాగు మీద వంతెన ఎలాగూ వస్తుందిలెండి అన్నారు. తర్వాత టీ తాగి జీపెక్కారు.

నెల తిరక్కుండా తనిఖీ నివేదిక వచ్చింది. రోడ్డూరి కేంద్రం ఆదర్శ కేంద్రమట, అక్కడి స్త్రీల అక్షరాస్యత ప్రశంసనీయమట. ప్రసూతి ఉపకేంద్రం వారికే ఇవ్వాలట. ఫలితాలు చూపని చిన్న కేంద్రాలను మూసి, వాటి సామాను ఆదర్శ కేంద్రానికి కలపాలట. మూయవలసిన వాటిలో ఎర్రకుంట ఉంది. ఎందుకంటే తనిఖీ నాడు ఎర్రకుంటలో హాజరు లేదు. ఉండదు మరి, వాళ్లందరినీ బండ్లెక్కించి తెచ్చింది మేమే. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. ఆ కాగితం చదివి ఆఫీసులోనే నా చేతిలోని కలాన్ని నేలకేసి కొట్టాను. పక్క కుర్చీలో పశువులాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

పద్ధతి ప్రకారం బి.డి.ఓ.కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను. జిల్లాకు నకలు పంపాను. బత్తి తిరిగివ్వమని ఇండెంటు, అంటే సామాను కోరే కాగితం, పెట్టాను. మూసిన కేంద్రానికి సామాను ఇవ్వకూడదని జవాబొచ్చింది. బత్తి లేక బడి మూతపడింది, బడి మూతపడింది కనుక బత్తి లేదు. ఈ గానుగెద్దు నడకకు పరిపాలన అని పేరు. శాంతమ్మగారు కందీలు పెట్టి కొన్నాళ్లు లాగింది. కళ్లు మండుతున్నాయని ఒక్కొక్కరే మానేశారు. మరియమ్మ మాత్రం ఎదురైన ప్రతిసారీ నన్ను ఒక్కటే అడిగేది, నర్సమ్మ ఎప్పుడస్తదని. ఏసమ్మకు అప్పటికే ఐదో నెల.

ఎండాకాలంలో రోడ్డూర్లో ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని ఉపకేంద్రం తెరిచారు. నర్సు మంచి పిల్ల, బుద్ధిగా పనిచేసేది. ఆయా ఉద్యోగం రోడ్డూర్లో ఎవరికో ఇచ్చారు. ఆమెకు చదువు రాదు. సీసాల మీద పేర్లు చదివే పని కూడా నర్సే చూసుకునేది.

శ్రావణంలో వాగొచ్చింది. వంతెన రాలేదు. ఏసమ్మకు నొప్పులు మొదలయ్యాయని, మంచం మీద మోసుకొచ్చి వాగు గట్టున కూర్చున్నారని, ఇవతలి పొలాల్లో ఉన్న మనిషి అరుపులు విని నర్సుకు చెప్పాడు. నేను ఆ రోజు రోడ్డూరి కేంద్రానికి వచ్చి ఉన్నాను. నర్సు సంచీ తీసుకుని పరుగెత్తింది, నేనూ పోయాను. ఇవతల మేము, అవతల వాళ్లు, నడుమ ఎర్రటి నీళ్లు. దిగబోతే మమ్మల్ని రైతులు పట్టుకుని ఆపారు. నర్సు ఇవతలి నుంచి ఏం చేయాలో కేకలు పెట్టింది. నీళ్ల హోరులో ఎంత వినబడిందో తెలియదు. మాకు కనబడుతూనే ఆ పిల్ల ప్రసవించింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. మగబిడ్డ అని తర్వాత చెప్పారు.

తిరిగి రోడ్డూరికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. బస్సు స్టాండు దగ్గరి టీ హోటల్లో గ్యాసు బత్తి వెలుగుతోంది. పిడికి రాగి తీగ చుట్టి ఉంది. అది ఎర్రకుంట బత్తి. ఆదర్శ కేంద్రంలో చదివేవాళ్లెవరూ లేక, ఊరికే పడి ఉండటం దేనికని బి.డి.ఓ. ఆఫీసు నుంచే హోటలుకు అరువిచ్చారట. నేను బల్ల ఎక్కి దాన్ని దించాను. హోటలాయన అడ్డం రాబోయి, నా ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

వాగు తగ్గగానే బత్తిని చేత పట్టుకుని ఎర్రకుంటకు నడిచాను. కొత్త మాంటిల్, నూనె నేనే కొన్నాను. ప్రార్థన మందిరం వసారాలో శాంతమ్మగారి ముందు పెట్టాను. ఆమె కళ్లొత్తుకుంది. మరియమ్మ గడప దగ్గర నిలబడి బత్తి వైపు చూసింది. రేపటి నుంచి బడి నడుపుదాం, రమ్మన్నాను.

"ఒద్దు సారూ" అంది. గొంతులో కోపం కూడా లేదు. "నేను సదివితే దవాఖాన ఆళ్లకు పాయె. ఇంకొకామె సదివితే ఇంకేం పోతదో."

బత్తిని శాంతమ్మగారి దగ్గరే ఉంచి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఎర్రకుంటలో ఆడవాళ్ల బడి నడవలేదు.

డెడ్ స్టాకును ఇండెంటు లేకుండా తరలించినందుకు నాకు మెమో వచ్చింది, సంజాయిషీ అడిగారు. బత్తిని దాని ఊరికి చేర్చానని ఒక్క ముక్క రాశాను. దసరా లోపల మహబూబ్‌నగర్ జిల్లాకు, అమ్రాబాదు అడవుల్లోకి బదిలీ చేశారు. నన్ను శిక్షించామనుకున్నారు. అక్కడికి జీపులు రావు కనుక ఎవరూ వచ్చి నా బత్తులెత్తుకుపోలేదు. నా ఉద్యోగ జీవితంలో కేంద్రాలు సవ్యంగా నడిచింది ఆ అడవిలోనే.

తర్వాతి కాలంలో కొత్త నిర్వాహకులకు శిక్షణ ఇచ్చే పని నాకప్పగించారు. కేంద్రాలు ఎందుకు మూతపడతాయని అడిగితే, చదువు మీద జనానికి ఆసక్తి లేకపోవడం వల్ల అని ప్రతి బ్యాచీలోనూ రాసేవారు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. నేను ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. సామాను ఎక్కడ పెట్టామో చెప్పకుండా ఫలితాల సంగతి రాయవద్దని, తనిఖీకి ఏ ఊరి బత్తినీ కదిలించవద్దని, చూడదలచిన అధికారిని వాగు దాటించి తీసుకుపొమ్మని చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రవాడు లేచి, మరి అధికారి రానంటే ఏం చేయాలని అడిగాడు. రాలేదని నివేదికలో రాయమన్నాను.